మా యూత్ కూటంలో ఏం జరిగేదంటే

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక తండ్రి రాసింది చదివాను. చర్చిల్లో యవ్వనస్థుల కూటాల పేరు చెప్పుకుని పిల్లలు ప్రేమల్లో పడుతున్నారని, అబ్బాయిలకు ఒక రోజు, అమ్మాయిలకు ఒక రోజు పెట్టాలని, అదీ కుదరకపోతే అసలు ఆపేయాలని ఆయన బాధ. పేరు వేయలేదు గాని, రాసిన తీరు చూస్తే సంఘంలో మనిషేనని తెలుస్తోంది. కూతురున్న తండ్రి. నాకూ కూతురుంది, ఆ భయం నేను ఎరగనిది కాదు. కాని అది చదివిన దగ్గర్నుంచి నాకు వంట మీద ధ్యాస లేదు. మా ఆయన రెండు రోజులు చూసి, "ఆ రాసేదేదో రాసేయ్, పప్పు మాడుతోంది" అన్నారు. అందుకని రాస్తున్నాను.

నాకు 58 ఏళ్లు. తెనాలిలో ఉంటాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి దేశం మొత్తం మీద దాదాపు 78 వేల మంది ఒకేసారి వీఆర్ఎస్ మీద బయటికొచ్చారే, వాళ్లలో ఒకదాన్ని. పుట్టి పెరిగింది రేపల్లెలో. ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు, మాకు మాత్రం గుంటూరు జిల్లానే. తెనాలిలో రైలెక్కితే వేమూరు, భట్టిప్రోలు, పల్లెకోన దాటాక రేపల్లె. పట్టాలు అక్కడితో సరి. ఊరు దాటి కాస్త దూరం పోతే ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క నిజాంపట్నం సముద్రం.

మాది లూథరన్ గుడి. గుంటూరులో 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన నాటి నుంచి సాగుతున్న సంఘం మాది. మా వైపు చర్చి అనడం ఈమధ్య వచ్చింది, మేం "గుడి" అనే అనేవాళ్లం. పాస్టరుగారిని అయ్యగారు, ఆయన భార్యను అమ్మగారు. మా నాన్న స్కూలు మాస్టారు, సంఘ పెద్ద కూడా. నేను పదో తరగతి పాసైన 1982లో యూత్‌లో చేరాను. కాగితాల మీద "యవ్వనస్థుల కూటం", నోటికి "యూత్". ఆదివారం సాయంత్రం నాలుగింటికి గుడి వెనక సండే స్కూలు గదిలో. ఎడమ పక్క చాప మీద అమ్మాయిలు, కుడి పక్క చాప మీద అబ్బాయిలు, మధ్యలో హార్మోనియం. గుమ్మం దగ్గర ముక్కాలి పీట వేసుకుని మా బైబిల్ ఉమన్ (ఆడవాళ్లకి వాక్యం చెప్పే సంఘ సేవకురాలు) పెద్దమ్మ. ఆమె చేతిలో ఎప్పుడూ క్రోషే సూది ఉండేది. ఆ సూది ఆగిందంటే ఎవరో ఎవరినో చూశారన్నమాట.

ఇంకో కష్టం కూడా ఉండేది. మా యూత్‌లో అందరూ అందర్నీ బ్రదర్, సిస్టర్ అనే పిలవాలి. రూలు. పదహారేళ్ల వయసులో ఎవరి గొంతు వింటే చెవులు వేడెక్కుతాయో వాణ్ని పట్టుకుని "బ్రదర్, కీర్తనల పుస్తకం ఇలా ఇవ్వండి" అనాల్సి రావడం ఎంత నరకమో, ఆ ఉత్తరం రాసిన బ్రదర్‌కి గుర్తుండే ఉంటుంది.

అతను హార్మోనియం వాయించేవాడు. పేరు రాయను, ఎవరి పేర్లూ రాయను, ఊరు చిన్నది. వాళ్లది కృష్ణకి అవతల దివిసీమ. 1977 నవంబరు 19 తుపానులో ఇల్లు పోయి, మిగిలినవాళ్లు రేపల్లెలో మేనమామ పంచన చేరారు. అక్కడ వాళ్లు సి.ఎస్.ఐ. వాళ్లు, అంటే మా లూథరన్ కాని వేరే సంఘం. మా గుళ్లోకి వచ్చిన మొదటి ఆదివారమే ఒక పాట వేరే వరసలో ఎత్తుకున్నాడు. గుళ్లో సగం మంది అతని వెంట, సగం మంది మా పాత వరస వెంట పోయారు. అయ్యగారు కళ్లు మూసుకుని ఓపిగ్గా నిలబడ్డారు. నాకప్పుడు పదేళ్లు. నవ్వాపుకోలేక మా అమ్మ చేత గిల్లించుకున్నాను. అతని మీద నాకున్న మొదటి జ్ఞాపకం తొడ మీద ఆ గిల్లుడే.

యూత్‌లో ఏం చేసేవాళ్లమని ఇప్పటి పిల్లలు అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. రెండు పాటలు, ప్రార్థన, ఎవరో ఒకరు చిన్న వాక్యం, ఆ తర్వాత "వాక్యం తియ్యడం". అదే అసలు సరదా. బైబిళ్లు మూసి చంకలో పెట్టుకుని నిలబడాలి. సెక్రటరీ అన్న "హబక్కూకు 3:17" అనగానే ముందు తీసి చదివినవాళ్లు గెలిచినట్టు. హబక్కూకు ఎక్కడుందో వెతుక్కునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. అతనూ నేనూ ఎప్పుడూ పోటీ. అతని వేళ్లు హార్మోనియం మెట్ల మీద తిరిగినట్టే పేజీల మీద తిరిగేవి. నేను పేజీల అంచుల మీద పెన్సిల్‌తో సన్నగా గుర్తులు పెట్టుకునేదాన్ని. మోసమే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ ఆట మాకు ఒక దారి చూపించింది. ఒకరోజు కీర్తనల పుస్తకంలో చిన్న చీటీ. అందులో "ఆది 29:20" అని తప్ప ఇంకేం లేదు. ఇంటికెళ్లి తీశాను. యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు మామగారి దగ్గర కొలువు చేశాడని, ఆమె మీది ప్రేమ వల్ల ఆ ఏడేళ్లు కొద్ది రోజుల్లా అనిపించాయని ఉన్న చోటు అది. ఆ రాత్రి నేను పడుకోలేదు. మరుసటి ఆదివారం అదే పుస్తకంలో నా జవాబు: "ఆది 29:25." తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఏడేళ్లూ అయ్యాక పెళ్లయింది, తెల్లారి చూసుకుంటే పక్కనున్నది రాహేలు కాదు, వాళ్లక్క లేయా. మామ మోసం చేశాడు. మరీ ఆశ పెట్టుకోకు బాబూ, తెల్లారేసరికి ఏమవుతుందో అని నా వేళాకోళం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్కణ్నుంచి రెండేళ్లకు పైగా నడిచింది చీటీల వ్యవహారం. ఒక్క ప్రేమ మాట రాసుకోలేదు, అన్నీ అంకెలే. ఎవరి చేతికి చిక్కినా కంఠత వాక్యం అనుకోవాలి. ఒకసారి అతను "రూతు 1:16" రాశాడు. నువ్వెక్కడికి వెళితే నేనూ అక్కడికి, అనే చోటు. నేను నెల రోజులు మేఘాల్లో తేలాను. అది కోడలు అత్తగారితో అన్న మాట అని మా ఇద్దరికీ చాన్నాళ్లు తట్టనే లేదు.

ఒక చీటీ పెద్దమ్మకి దొరికింది. మొదటిదే, ఆది 29:20. నా బైబిల్లోంచి జారి గుమ్మం దగ్గర పడింది. ఆమె కళ్లద్దాలు సవరించుకుని చదివి, సూది పక్కన పెట్టి, నన్ను పిలిచింది. నా కాళ్లలో వణుకు. "కంఠత వాక్యమా?" అంది. తలూపాను. "మంచిది. కాని యాకోబు చేసింది ఏడేళ్లు కాదమ్మాయ్, పద్నాలుగు. ఆ కిందవి కూడా చదువుకో" అని చీటీ నా చేతిలో పెట్టింది. మా అమ్మకి గాని, నాన్నకి గాని ఒక్క ముక్క చెప్పలేదు. కాకపోతే ఆ తర్వాత ఎప్పుడు క్వయర్ ప్రాక్టీసు ఉన్నా మమ్మల్ని ఇంటి దాకా దిగబెట్టేది ఆమే అయింది.

ఆ చీటీలు చేరవేసింది ఎవరనుకున్నారు? నా పక్కన చాప మీద కూర్చునే హాస్పిటల్ క్వార్టర్స్ అమ్మాయి. వాళ్లమ్మ నర్సు. మనిషి సన్నంగా, గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. దానికి ఈ వ్యవహారంలో కూలి కూడా ముట్టేది: చీటీకి ఒక జామకాయ, మా పెరట్లోది. ఇంకో స్నేహితురాలు పోస్టుమాస్టరుగారమ్మాయి, బ్రాహ్మలు. సంగీతం నేర్చుకునేది. క్వయర్ ప్రాక్టీసు జరుగుతుంటే కిటికీ అవతల నిలబడి వినేది. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, మాలో ఎవ్వరూ వాటిని పట్టించుకున్న పాపాన పోలేదు. ఒకరోజు కిటికీలోంచే "ఇది ఆనందభైరవి అని వేసి మీరు పాడేది ఏమిటి?" అని అడిగేసింది. హార్మోనియం ఆగిపోయింది. అతను లేచి వెళ్లి, "లోపలికి వచ్చి చెప్పండి సిస్టర్" అన్నాడు. ఆ సిస్టర్ అన్న మాటకి నాకు నవ్వొచ్చింది, కొంచెం కుళ్లు కూడా. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారిని అడిగి మరీ వచ్చి మా చేత ఆరు పాటలు సరిగ్గా పాడించింది. వాళ్ల నాన్నగారికి గుంటూరు ట్రాన్స్‌ఫర్ అయిన రోజు మా యూత్ మొత్తం స్టేషన్లో ఉంది.

డిసెంబరు వస్తే ఇక ఇళ్లల్లో ఉండేది లేదు. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టేవాళ్లు అబ్బాయిలు. రాత్రి పదింటికి కేరల్స్ మొదలు. ముందు పెట్రోమాక్స్ లైటు మోసేవాడు, వెనక రిక్షాలో హార్మోనియం, మధ్యలో అమ్మాయిలం, చివర మఫ్లర్లు చుట్టుకుని నాన్నలు. వరికోతలు అయిన రోజులు, చేలల్లోంచి కుప్పల వాసన, మంచు. ఒక ఇంట్లో టీ, ఒక ఇంట్లో అరిసెలు. బజారులో ఒక షావుకారుగారు ఏటా మా కోసం తలుపు తీసి ఉంచి, ఒక పాట పాడించుకుని బిస్కట్ల డబ్బా ఇచ్చేవారు. తెల్లవారుజామున మూడింటికి గొంతులు పోయి గుడి మెట్ల మీద కూర్చునేవాళ్లం. నా చెప్పు తెగితే అతను రిక్షా తాడు ముక్క కోసి కట్టి ఇచ్చాడు. మా నాన్న చూస్తూనే ఉన్నారు. "థాంక్స్ బ్రదర్" అన్నాను.

1983 క్రిస్మస్ డ్రామాలో అతనికి వేషం లేదు. నక్షత్రం పని ఇచ్చారు. ఈ గోడ నుంచి ఆ గోడకి తీగ కట్టి, గిలక మీద నక్షత్రాన్ని తాడుతో లాగాలి. జ్ఞానులు నడుస్తుంటే అది ముందు సాగి పశువుల తొట్టి మీద ఆగాలి. అది కాస్తా క్వయర్ అమ్మాయిల మీదికి వచ్చి, కచ్చితంగా నా నెత్తి మీద ఆగిపోయింది. కదల్లేదు. ముగ్గురు జ్ఞానులూ ఎటు పోవాలో తెలియక నిలబడ్డారు. హేరోదు వేషం వేసినవాడు, పాపం అతని సీను అయిపోయింది, తెర వెనక నుంచి వచ్చి కర్రతో నెట్టాడు. గుడంతా నవ్వులు. తీగ బిగుసుకుంది అని చెప్పాడు అతను. కావాలనే చేశాడనేది చీటీలు చేరవేసిన నా నేస్తం. నాకిప్పటికీ తెలియదు.

ఆ నెలాఖరున, 31 రాత్రి ఆరాధనలో పన్నెండు కొట్టాక పళ్లెంలో వాగ్దానపు కార్డులు వస్తాయి కదా, ఎవరికి ఏ వాక్యం వస్తే ఏడాదంతా అదే. అందరం బయటికొచ్చి లైటు కింద కార్డులు మార్చి మార్చి చదువుకున్నాం. అతని కార్డు నా చేతికొచ్చి, నాది అతని చేతికి వెళ్లింది. తిరిగి ఇచ్చుకోలేదు. అది నా దగ్గర ఇంకా ఉంది. అందులో ఏముందో ఈ ఉత్తరంలో రాయను.

1984 ఈస్టరు ఏప్రిల్ 22. మర్నాడు సోమవారం యూత్ పిక్నిక్‌కి పెనుమూడి రేవుకి వెళ్లాం. ఇప్పుడు అక్కడ వంతెన ఉంది, పులిగడ్డకి బస్సులో పోవచ్చు. అప్పుడు పడవే. అబ్బాయిలు ఇసకలో కబడ్డీ, మేం పులిహోర పొట్లాలు. అతను మాత్రం నీళ్ల దగ్గర అవతలి ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని వెళ్లాను. పెద్దమ్మ చూస్తూనే ఉంది, కాని పిలవలేదు. తుపాను రాత్రి వాళ్ల చెల్లెలు తన చెయ్యి వదిలేసిందని చెప్పాడు. "నేను వదల్లేదు, అదే వదిలేసింది" అని రెండుసార్లు అన్నాడు. ఆ పిల్లకి ఆరేళ్లు. ఏడేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. వాళ్లమ్మకి కూడా. నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు, ఏమీ మాట్లాడి ఉండను. కాసేపటికి కంజీర వాయించే అబ్బాయి వచ్చి అతనికి అటు పక్కన కూర్చున్నాడు. ఇంకొకడు వచ్చాడు. మా నేస్తం వచ్చింది. ఏమిటని ఎవరూ అడగలేదు. పదిమందిమీ నీళ్లలో కాళ్లు పెట్టుకుని, అవతల దివిసీమ వైపు చూస్తూ, పొద్దు వాలే దాకా అలాగే కూర్చున్నాం.

బ్రదర్, మీరు రాసిన దాంట్లో నన్ను ఆపేసింది ఒక్క మాట: "అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకచోట కూర్చుంటే జరిగేది ఒక్కటే" అన్నారు. ఆ ఏప్రిల్ సాయంత్రం జరిగింది ఆ ఒక్కటి కాదండీ.

ఇక ఎలా తెగిపోయిందో కూడా చెప్పాలి. అది దాచిపెట్టి ఇదంతా రాయడం అన్యాయం.

1986లో అతని మేనమామ, ఇంకొక పెద్దమనిషి కలిసి మా ఇంటికి వచ్చారు. అతనికి అప్పటికి ఐటీఐ అయి, వైజాగ్‌లో చిన్న ఉద్యోగం. మా నాన్న కుర్చీలు వేయించారు, టీ ఇప్పించారు, ప్రార్థన చేశారు, మర్యాదగా కుదరదన్నారు. కారణం వాళ్లెదుట చెప్పలేదు. వాళ్లు వెళ్లాక మా అమ్మతో చెప్పారు. మేం మాలలం, వాళ్లు మాదిగలు. ఒకే బల్ల దగ్గర మోకరించి ఒకే గిన్నెలోది తాగుతాం. ప్రభుత్వం లెక్కల్లోనూ ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లం అందరం ఒకటే, బీసీ-సి. పెళ్లి మాట వచ్చేసరికి మాత్రం ఏ పల్లె అని అడుగుతారు. మీ పత్రికలో ఈ సంగతి ఎప్పుడైనా వేస్తారేమోనని చూస్తుంటాను. మావాళ్లు పైకి చెప్పుకోరు, చెప్పుకోవడానికి సిగ్గు. సిగ్గుంటే మంచిదే గాని, దాన్ని పట్టుకుని పెళ్లిళ్లు ఆపడం మాత్రం మానరు.

మా నాన్న చెడ్డ మనిషి కాదు. అందరి పిల్లలకీ ఒకేలా చదువు చెప్పారు, తుపానప్పుడు లంకల నుంచి వచ్చినవాళ్లకి గుళ్లో పది రోజులు వండి పెట్టించింది ఆయనే. ఆ వచ్చినవాళ్లలో అతని కుటుంబం కూడా ఉంది. అన్నం పెట్టడానికి అడ్డం రానిది పిల్లనివ్వడానికి వచ్చింది. నేను ఆయనతో వాదించలేదు. వాదించి ఉంటే ఒప్పుకునేవారేమో అని ఒకప్పుడు అనుకునేదాన్ని.

మా నేస్తం చివరి చీటీ తెచ్చింది. "గలతీ 3:28." యూదుడని గ్రీకువాడని, దాసుడని స్వతంత్రుడని తేడా లేదు అనే చోటు. ప్రతి పాస్టరుగారూ ఏడాదికి ఒకసారైనా దాని మీద ప్రసంగం చేస్తారు. నేను బైబిలంతా వెతికాను. దానికి జవాబుగా రాయడానికి నాకు ఒక్క వాక్యం దొరకలేదు. ఉత్త కాగితం మడిచి ఇచ్చాను. నేస్తం దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ రోజు జామకాయ అడగలేదు.

ఆ ఏడుపులూ అవీ రాయను. ఎవరి ఇళ్లల్లో లేవు. 1988లో ఎక్స్ఛేంజీలో ఉద్యోగం వచ్చింది, 1990లో పెళ్లయింది, నరసరావుపేట సంబంధం. ఆదివారం ఆరాధనలో మూడు వారాలు మా పెళ్లి ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చు అన్న ప్రతిసారీ నా నేస్తం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నేను లేచి ఏమంటానో అని దాని భయం.

బ్రదర్, ఈ పాత కథ మీకెందుకు అంటారా, 2021 సంగతి చెప్పాలి గనక. మే నెల. రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. గుంటూరులో ఆ నా నేస్తం కోవిడ్‌తో పోయింది. వాళ్లమ్మలాగే నర్సు అయింది, డ్యూటీలోనే అంటించుకుంది. భూస్థాపనకి ఇరవై మందికి మించి రాకూడదు, పొద్దున పదిలోపు అయిపోవాలి. మేం ఎవరం వెళ్లే వీల్లేదు. దానికి పాట లేకుండా పోవడం నేను ఊహించుకోలేకపోయాను. అంత గొంతున్న మనిషి.

నేను ట్రంక్ ఆపరేటరుని. లైన్లు కలపడం తప్ప నాకు వేరే విద్య రాదు. రాత్రంతా కూర్చుని పాత యూత్ వాళ్ల నంబర్లు సంపాదించాను. కువైట్లో ఒకామె, హైదరాబాదులో నలుగురు, బాపట్ల, చీరాల, వైజాగ్. పోస్టుమాస్టరుగారమ్మాయి చెన్నైలో దొరికింది. అప్పట్లో వాట్సాప్ కాల్లో ఎనిమిది మందికి మించి కలవనిచ్చేది కాదు. మిగతావాళ్లని ఇంకో ఫోన్లో మామూలు కాన్ఫరెన్సులో కలిపి, రెండు ఫోన్లూ ఎదురెదురుగా స్పీకర్లు పెట్టి బియ్యం డబ్బా మీద ఆనించాను. సమాధుల దగ్గర దాని కొడుకు మూడో ఫోన్ పట్టుకున్నాడు.

పాట ఎత్తుకున్నాం. ఘోరం. ఒకరి గొంతు ఇంకొకరికి అర క్షణం ఆలస్యంగా చేరుతోంది, పన్నెండు మంది పన్నెండు చోట్ల పాడుతున్నారు. అక్కడ అయ్యగారు ఆగిపోయారు. అప్పుడు వైజాగ్ లైన్లోంచి ఒక గొంతు వచ్చింది: "అందరూ మ్యూట్ చేసుకోండి. సిస్టర్, మీరు మాత్రం లైను వదలకండి." ముప్పై అయిదేళ్ల తర్వాత విన్నాను ఆ గొంతు. హార్మోనియం మెట్టు ఒకటి నొక్కిన చప్పుడు. అతనొక్కడే పాడాడు, మొదటి నుంచి చివరి దాకా, మేం మా మా ఇళ్లల్లో ఎవరికీ వినబడకుండా గొంతు కలిపాం. వరస మాది కాదు, వాళ్ల దివిసీమ వరస. ఈసారి ఎవ్వరూ మా పాత వరస ఎత్తుకోలేదు. పాట అయ్యాక చెన్నై నుంచి పోస్టుమాస్టరుగారమ్మాయి ఏడుస్తూ, "రాగం సరిగ్గానే ఉంది" అంది.

అతను ఆ తర్వాత నాతో విడిగా ఏం మాట్లాడలేదు. "వందనాలు సిస్టర్" అని పెట్టేశాడు. అతనికి ఇద్దరు పిల్లలు, మనవడు. ఆ రోజు కలిసిన నంబర్లతో ఇప్పుడు మాకొక గ్రూపు ఉంది. ఎవరికి ఆపరేషన్ అయినా, ఎవరి పిల్లకి ఫీజు కట్టాల్సి వచ్చినా అందులో పడుతుంది, సాయంత్రానికి సర్దుబాటు అయిపోతుంది. ఆనాటి ఏప్రిల్లో పెనుమూడి దగ్గర నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లే ఎక్కువ మంది.

నేనిప్పుడు వెళ్లే సంఘంలో, పేరెందుకు లెండి, రెండేళ్ల కిందట ఇలాగే వేరు చేశారు. శనివారం అబ్బాయిలకి, ఆదివారం అమ్మాయిలకి. స్త్రీల సమాజం తరఫున నేనొక్కదాన్నే వద్దన్నాను. ఏమైంది? శనివారం ఆరుగురు వస్తున్నారు. ఆదివారం అమ్మాయిల కూటం జరుగుతుంటే మిగతా అబ్బాయిలు రోడ్డవతల బళ్ల మీద కూర్చుని ఉంటారు. లోపల అమ్మాయిల ఫోన్లు ఒడిలో మెరుస్తూనే ఉంటాయి. వాళ్లకి అంకెల చీటీలు అక్కర్లేదు. గుమ్మం దగ్గర క్రోషే సూది పట్టుకున్న పెద్దమ్మ కూడా లేదు. ఆ పీట ఖాళీగా ఉంది, నేను కూర్చుంటానని అడిగాను. నాకు క్రోషే రాదు గాని, నేర్చుకుంటాను. పెద్దలు ఆలోచించి చెబుతామన్నారు, ఎనిమిది నెలలైంది.

మీ అమ్మాయి ఎవరినైనా ఇష్టపడితే మీరేం చేయాలో చెప్పేంత దాన్ని కాను. నా కూతురు తనే చూసుకుంది, వాళ్లది ఏ పల్లె అని నేనూ అడగలేదు, మా ఆయనా అడగలేదు. మా నాన్న అప్పటికి మంచంలో ఉన్నారు. పెళ్లికొడుకుని దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. తర్వాత నా వైపు చూసి ఏదో అనబోయి, మంచినీళ్లు అడిగారు.

ఉత్తరం పెద్దదైంది. జాగా చాలకపోతే కేరల్స్ సంగతి తీసేయండి, బీసీ-సి దగ్గర రాసింది మాత్రం తీయకండి. నా పేరు వేయవద్దు. మా ఆయనకి ఈ కథంతా మొదటి నుంచీ తెలుసు. పెళ్లయిన కొత్తలోనే చీటీలతో సహా చెప్పేశాను. అంతా విని, బైబిలు తెప్పించుకుని, ఆది 29 తీసి చదివి, "అయితే తెల్లారి చూసుకుంటే నేనే లేయానన్నమాట" అన్నారు. ఇప్పటికీ కూరలో ఉప్పెక్కువైతే ఆ మాటే అంటారు. తెలియనిది మా సంఘ పెద్దలకి. ఆ పీట సంగతి తేలే దాకా వాళ్లకి తెలియకపోవడమే మంచిది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి